పెద్దసారు కుర్చీ మీది తువ్వాలు

నేను ఒక తెల్ల టర్కీ తువ్వాలును. షోలాపూరులో మగ్గం మీద పుట్టి, కాకినాడ మెయిన్ రోడ్డులోని ఒక బట్టల కొట్టు మీదుగా ఒక ప్రభుత్వ కార్యాలయం చేరాను. నాతో ఒకే మూటలో వచ్చినవి ఆసుపత్రులకూ లాడ్జీలకూ వెళ్ళాయి. నన్ను మాత్రం డిప్యూటీ డైరెక్టరు గారి కుర్చీ వీపున పరిచారు. ఆ గదిలో ఇంకా కుర్చీలు ఉన్నాయి కాబట్టి, వాటిలో పెద్దసారుది ఏదో తెలియడానికి నేను కావాలట. డిగ్రీలు చదివిన మనుషులకు అధికారిని గుర్తుపట్టడానికి ఒక గుడ్డ అవసరమైందని తెలిసిన రోజే నాకు వాళ్ళ మీద సగం గౌరవం పోయింది.

మిగతా సగం చక్రధరరావు గారు తీసేశారు. ఆ కుర్చీ ఆయనది. ఆయన తలనూనె జిడ్డు నాకు అంటేది, ఆయన మాటల జిడ్డు ఎదుటివాళ్ళకు అంటేది. నన్నయితే సోమవారం సోమవారం ఉతికేవారు.

ఆ ఆఫీసులో వీరభద్రం అనే గుమస్తా ఉండేవాడు. ఒకసారి ఏదో రాసుకుంటూ, సారు హాల్లోంచి నడిచి వెళ్తున్నప్పుడు లేవడం ఆలస్యం చేశాడు. అతని నేరం అంతే. ఆ తర్వాత అతన్ని కూర్చోనివ్వలేదు. సారు గంట కొట్టి పిలిపించేవారు. అతను వచ్చి బల్ల ముందు నిలబడేవాడు. సారు పేపరు తిరగేసేవారు, ఫోనులో బావమరిదితో మామిడిపళ్ళ గురించి మాట్లాడేవారు, టీ తాగేవారు. అన్నీ అయ్యాక అప్పుడే చూసినట్టు తలెత్తేవారు.

"ఏమయ్యా, ఇంకా ఇక్కడే ఏడుస్తున్నావా?"

"తమరు పిలిచారండి."

"పిలిస్తే స్తంభంలా పాతుకుపోవడమేనా? ఇంట్లో కూడా ఇంతేనా, మీ ఆవిడ తోస్తేగానీ కదలవా?"

తలుపు కావాలనే తీసి ఉంచేవారు. బయట హాల్లో నవ్వులు వినిపించేవి. నవ్వినవాళ్ళలో మంచివాళ్ళు లేకపోలేదు, వాళ్ళు తల దించుకుని నవ్వేవారు. వీరభద్రం వేళ్ళు మాత్రం ప్యాంటు కుట్టును పట్టుకుని నలుపుతూ ఉండేవి. కుర్చీ మీద నుంచి నాకు అవే కనిపించేవి.

ఒక ఉదయం అతను నిద్ర లేవలేదు. గుండె ఆగిపోయిందన్నారు. ఆఫీసులో సంతాప సభ పెట్టారు. "మనమంతా ఒకే కుటుంబం," అన్నారు చక్రధరరావు గారు. వీరభద్రం ఆత్మశాంతికి అందరూ లేచి నిలబడ్డారు. ఆయన కూడా నిలబడ్డారు, కాసేపు.

రిటైరైన రోజున ఆయన నన్ను మడిచి సంచిలో పెట్టుకుని ఇంటికి పట్టుకుపోయారు. ఇంట్లో వాలుకుర్చీ మీద పరిచి కూర్చుంటే, భార్య మాణిక్యం గారు గుమ్మంలోంచే అడిగారు. "ఆ గుడ్డేంటండీ? ఇక్కడ ఎవరికి చూపించాలి?" ఆయన వస్తుంటే ఆ ఇంట్లో ఎవరూ లేచేవారు కాదు. పాపం, పిల్లి కూడా.

అలాంటి రోజుల్లో కామేశం గారు వచ్చారు. ఉద్యోగుల గౌరవ సాధన సమితికి ఆయన కార్యదర్శి. పై అధికారి రోజూ తిట్టి, నలుగురిలో చిన్నబుచ్చి మనిషిని నలిపేస్తే శిక్షించే చట్టం కావాలన్నది వాళ్ళ కోరిక. అందరూ జీతం లేని కార్యకర్తలే. ఆదివారాలు ఎమ్మెల్యేల గుమ్మాల ముందు కాచుకుని కూర్చునేవారు. లోపలికి పిలిపించగల పెద్దమనిషి కావాలని వెతుక్కుంటూ ఈయన దగ్గరికి వచ్చి, గౌరవాధ్యక్షులుగా ఉండమన్నారు.

"నేనెంత పడ్డానో ఎవరికి తెలుసు కామేశం! మా డైరెక్టరు నన్ను కుక్కకన్నా హీనంగా చూశాడు," అన్నారు చక్రధరరావు గారు. కళ్ళు చెమర్చాయి. అది నటన కాదు. నటన అయివుంటే నాకు అంత రోత పుట్టేది కాదు.

మర్నాడే నన్ను తెచ్చి సమితి గదిలో అధ్యక్షుడి కుర్చీ మీద పరిచారు. అణచివేతకు ఎదురు తిరిగిన వాళ్ళలో ఒక్కరూ ఆ గుడ్డ ఎందుకని అడగలేదు. పైగా ఒకాయన నా ముడత సరిచేశాడు.

ఆ సమితిలో అమ్మాజీ ఉంది. వీరభద్రం భార్య. అంగన్‌వాడీలో పని చేస్తూ, సెలవు దొరికినప్పుడల్లా వచ్చి ఆఫీసుల్లో నలిగినవాళ్ళను కూడగట్టేది. కుర్చీలో ఉన్న మనిషిని చూసి ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది. ఆయన ఆమెను గుర్తుపట్టలేదు. శవాన్ని చూడడానికైనా వెళ్తే కదా! ఆమె కామేశం గారిని పక్కకు పిలిచింది.

"మా ఆయన్ని రోజూ బల్ల ముందు నిలబెట్టింది ఈయనేనండి."

కామేశం గారు కాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. "అమ్మాజీ గారూ, మీకు చట్టం కావాలా, పగ కావాలా? ఎమ్మెల్యేని ఈ గదికి తేగలిగింది ఈయనొక్కడే."

"చట్టమే కావాలండి. నలుగురిలో నిలబెట్టి అవమానించడం నేరమని అందులో ఉండాలండి. అదుంటే నేను నోరెత్తను."

"ఉంటుందమ్మా. నాది పూచీ."

కోరికల కాగితంలో ఆ మాట కంటపడగానే చక్రధరరావు గారు ఎగిరిపడ్డారు. "నిలబెడితే వేధింపేంటయ్యా? అది క్రమశిక్షణ. కొట్టెయ్." కామేశం గారు కొట్టేశారు. ఎవరినీ నొప్పించలేని మనిషి ఆయన. కుర్చీ ఉన్నవాళ్ళను అసలే నొప్పించలేరు.

ఎమ్మెల్యే వచ్చిన రోజున నా కుర్చీ ఆయనకిచ్చారు. చక్రధరరావు గారు పక్కన కూర్చుని కోరికలన్నీ చదివారు. ఎమ్మెల్యే ఫోను చూసుకుంటూ తల ఊపారు. చదవడం అయిపోయింది, ఆ ఒక్క మాటా రాలేదు. అప్పుడు అమ్మాజీ వెనక వరసలోంచి వచ్చి, చేతులు కట్టుకుని బల్ల ముందు నిలబడింది.

"చెప్పండమ్మా. కూర్చోండి," అన్నారు ఎమ్మెల్యే.

"పర్లేదండి. తమరు ఫోను చూసుకోండి."

ఆయన చూసుకున్నారు. తలెత్తేసరికి ఆమె అక్కడే ఉంది. "అర్జీ ఏదైనా ఉంటే ఇవ్వండి." ఆమె ఇవ్వలేదు, కదలలేదు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఎమ్మెల్యే వీపు చెమట నాకు తగిలింది. ఆయన ఇటు జరిగారు, అటు జరిగారు.

చక్రధరరావు గారికి అలవాటు ఆగలేదు. బల్ల మీద చరిచారు. "ఏయ్, ఎవత్తివి నువ్వు? పెద్దవాళ్ళ ముందు ఆ బొమ్మలాటేంటి? బుద్ధుందా? పో బయటికి!"

"వీరభద్రం భార్యనండి," అంది అమ్మాజీ. గొంతు పెంచలేదు. "మా ఆయన మీ ముందు ఇలాగే నిలబడేవాడండి. మీరు పేపరు చదువుకునేవారు." తర్వాత ఎమ్మెల్యే వైపు తిరిగింది. "తమరిని నేనేం అనలేదు కదండీ. అయినా కూర్చోలేకపోయారు. నిలబడినోడి సంగతి ఆలోచించండి. ఇది నేరమని రాయమన్నానండి. రాసి, కొట్టేశారండి."

ఎమ్మెల్యే లేచి నిలబడ్డారు. "కామేశం గారూ, ముందు అది రాయండి. రాస్తేనే తీసుకెళ్తాను." ఆయనకు జాలి కలిగిందని నేననుకోను. ఆ కుర్చీలో ఇక ఉండలేకపోయారు, అంతే. కామేశం గారు అక్కడికక్కడే రాశారు. చక్రధరరావు గారు "అలగాజనం" అంటూ మెట్లు దిగి వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు.

నన్ను ఆయనకు పంపిద్దామన్నారు కామేశం గారు. అమ్మాజీ నన్ను కుర్చీ మీద నుంచి లాగి, దులిపి, గుమ్మంలో పడేసింది. "వానకి బురద లోపలికి వస్తోందండి," అంది.

చట్టం ఇంకా రాలేదు. ఎమ్మెల్యే శాసనసభలో ఆ మాట ఎత్తారో లేదో గుమ్మంలో పడి ఉన్నదానికి ఎవరు చెబుతారు? నామీద ఇప్పుడు రకరకాల పాదాలు పడుతున్నాయి. కొన్ని వారం తిరక్కుండానే మానేశాయి. అమ్మాజీ అరిగిన చెప్పులు మాత్రం ప్రతి ఆదివారం వస్తాయి. ఆమె కిందికి చూడదు. కాళ్ళు తుడుచుకుని, లోపలికి అడుగుపెడుతూనే అడుగుతుంది.

"ఇవాళ ఎవరి గుమ్మమండీ?"