రెండో సీసా

మా బిడ్డ రాజమణి చెవి పట్టుకుని ఏడవడం మొదలుపెట్టిన మర్నాడే సిరిసిల్లకు తీసుకుపోయాను. వెల్లుల్లి వేసి కాచిన నూనె చెవిలో పోస్తానని నా భార్య శాంత అంటే వద్దన్నాను. ఆ ఒక్క విషయంలో నేను పొరపాటు చేయలేదు.

డాక్టరు చిన్న లైటున్న గొట్టంతో చెవిలోకి చూశాడు.

"లోపలి పొర ఎర్రగ ఉబ్బింది సార్. దాని యెనక చీము పట్టింది. జలుబు చేసిన పిల్లల్ల మస్తు మందికి గిట్లనే అయితది."

రెండు సీసాల పొడిమందు రాశాడు. కాచి చల్లార్చిన నీళ్లు పోసి కలిపితే ఒక్కో సీసా అయిదు రోజులకు వస్తుంది.

"రెండు దినాలల్ల నొప్పి పోతది. పోయిందని ఆపొద్దు. పది దినాలు పొయ్యాలె. చెవి యెనక వాస్తె మాత్రం అదే రోజు తీస్కరండి."

"చేదుంటదా?" అంది రాజమణి.

"తియ్యగుంటది బిడ్డా. మీ నాయిన తాగకుంట చూస్కో."

ముస్తాబాద్ దాటాక మా ఊరి మలుపులో పోలీసులు బస్సు ఆపారు. అది ఎనభై తొమ్మిదో సంవత్సరం. ఊళ్లలోకి పోయే మందులన్నీ దళంలోని అన్నలకే చేరుతున్నాయని వాళ్ల అనుమానం. ఎస్సై నా సంచిలోంచి సీసాలు తీశాడు.

"ఒక్క చెవికి రెండు సీసాలా పంతులూ? గా రెండోది ఎవనికి?"

డాక్టరు చీటీ చూపించాను.

"ఇసొంటి చీటీలు బొచ్చెడు చూసిన," అని ఒక సీసా తన దగ్గరే పెట్టుకున్నాడు. స్టేషన్ అనుమతి లేకుండా ఊళ్లోకి మందులు తేనని కాగితం రాయమన్నాడు. రాసి సంతకం చేశాను.

"దస్తూరి మంచిగున్నది సారూ," అన్నాడు పక్కనున్న కానిస్టేబుల్. మిగతావాళ్లు నవ్వారు.

ఇక ఆ సీసా కావాలన్నా, కొత్తది కొనుక్కురావాలన్నా స్టేషనుకు పోవాలి. పక్కింటి మొగిలయ్య నా చేతులు పట్టుకున్నాడు.

"నీకు దండం పెడుత సారూ, ఆడికి పోకు. సాయన్న సంగతి మర్సినవా?"

మరవలేదు. సాయన్న ఎద్దు పోయిందని స్టేషనుకు పోయాడు. వారం తిరగకముందే ఊరి బయట శవమై దొరికాడు. మీద పోలీసు ఇన్ఫార్మర్ అని అన్నలు రాసిన కాగితం ఉంది.

మూడో రోజుకు రాజమణికి చెవి నొప్పి పోయింది. అయిదో రోజు సీసా అయిపోయింది. ఆరో రోజు బడికొచ్చి ఒకటో తరగతి పిల్లల్లో కూర్చుంది.

"పది దినాలన్నడు గద డాక్టరు?" అంది శాంత.

"ఆడుకుంటనే ఉన్నది గద. చూద్దాం," అన్నాను. మర్నాడు కూడా అదే అన్నాను. ఆ తర్వాత ఆమె అడగలేదు.

పదో రోజు పొద్దున జడ వేస్తూ శాంత కేక పెట్టింది. ఎడమ చెవి ముందుకు పొడుచుకొచ్చింది. దాని వెనక ఎర్రటి వాపు. ముట్టుకోనివ్వలేదు.

ఆ రోజు అన్నల బంద్. బస్సుల్లేవు. సైకిల్ ముందు రాజమణిని, వెనక శాంతను ఎక్కించుకుని బయలుదేరాను. మలుపు దాకా దారికి అడ్డంగా చెట్లు నరికి పడేశారు. ప్రతి చెట్టు దగ్గరా దిగి సైకిల్‌ను అవతలికి ఎత్తాను. రాజమణి రెండుసార్లు కక్కింది. తర్వాత వెలుతురు చూడలేక కళ్లు మూసుకుంది.

మలుపులో అదే ఎస్సై. సంచి మీద చెయ్యి వేసి, పిల్లను చూసి తీసేశాడు. "జీపెక్కుండ్రి," అన్నాడు. అందరూ చూస్తుండగానే ఎక్కాను.

సిరిసిల్లలో డాక్టరు రాజమణి మెడ వంచబోయాడు. వంగలేదు.

"చీము మెదడు పొరలకు పోయింది సార్. మందు పది దినాలు పోసిండ్రా?"

"అయిదు."

ఆయన వెంటనే కరీంనగర్‌కు చీటీ రాశాడు. మర్నాడు తెల్లవారుతుండగా అక్కడ రాజమణి చనిపోయింది. ఆమెకు ఆరేళ్లు.

దినాలు అయ్యాక, చుట్టాలందరూ వెళ్లిపోయాక శాంత నన్ను ఒకే మాట అడిగింది.

"ఆ ఎస్సైని ఒక్కసారన్న అడిగినవా?"

"లేదు."

"అడిగితె ఇయ్యకపోవునా?"

ఇచ్చేవాడో లేదో నాకు తెలియదు. తెలియదనే చెప్పాను.