మేక తిన్న బొండుమల్లె

మా అమ్మ కొమ్మ వంచి మట్టిలో అంటు తొక్కి ఇచ్చిన బొండుమల్లె నా పెరట్లో ఉండగా, ఈస్టరుకు మా వట్లూరు చర్చికి ఏలూరు బజారు పూలెందుకు? ఏటా వాటిని తెప్పించే రత్నమాణిక్యంగారితో పంతొమ్మిదివందల ముప్ఫైఐదు క్రిస్మసునాడు అందరిముందూ అనేశాను. "వచ్చే ఈస్టరుకు పూలు మా ఇంటివేనండీ."

"బుట్టెడు కావాలి యేసమ్మా, దోసెడు కాదు" అని నవ్వారావిడ. నాకు ఒళ్లు మండింది.

జనవరిలో ఆకంతా దూసేసి నీళ్లు మానేశాను. ఎండగడితేగాని మల్లె మొగ్గ తొడగదని మా అమ్మ చెప్పేది. తీరా నెల తిరిగేసరికి గుబురుగా ఆకే వచ్చింది, మొగ్గ ఒక్కటీ లేదు! చూస్తే పాదు తడిగా ఉంది.

"ఏవండీ, దీనికి నీళ్లెవరు పోశారు?"

మా ఆయన ఏలీయాగారు మిషను స్కూలు మేష్టారు. తల గోక్కున్నారు. "మోడులా కనిపిస్తే జాలేసిందే. రోజూ ఓ చెంబెడు పోశాను."

"మీ జాలి తగలెయ్య! నా పరువు తీశారు కదండీ!" అని ఏడ్చేశాను.

మర్నాడే శ్రమకాలం, ఈస్టరుకు ముందు నలభైరోజుల ఉపవాసాలు, మొదలు. మా మేకను తెచ్చి మల్లెపాదు దగ్గర కట్టేశాను. సాయంత్రానికి ఆకు మిగల్లేదు.

"ఈస్టరుదాకా మనతోపాటు ఈ మల్లెకూ ఉపవాసమే. చెంబు ముట్టుకున్నారో!" అన్నాను. పాపం, ఆయన పెరటివైపే రాలేదు.

రత్నమాణిక్యంగారు దడిమీదుగా చూసి, "అయ్యో, మేక తినేసిందా? పోనీలే, బజారుకు చెప్పేస్తాను" అన్నారు.

"చెప్పకండి" అన్నానేగాని, ఆ రోజునుంచి పొద్దున్నే లేచి మొగ్గ వచ్చిందేమోనని కొమ్మకొమ్మా వెతికేదాన్ని.

ఈస్టరుకు ముందువారం మట్టలాదివారం ఇంకా రాకుండానే గణుపు గణుపునా మొగ్గలు! "ఇప్పుడు పోయండి మీ చెంబు" అన్నాను. ఎంత సంబరపడ్డారో ఆయన!

శనివారం సాయంత్రం మొగ్గలు కోసి చర్చిలో బల్లమీద పెట్టి వచ్చాం. ఈస్టరు తెల్లవారుజామున తలుపు తీయగానే వాసన ఎదురొచ్చింది. బుట్ట నిండి పళ్లెంలోకి పొర్లాయి పూలు. నా అంతటిది ఈ వట్లూరులో లేదనిపించింది, దాచడమెందుకు?

రత్నమాణిక్యంగారు వంగి వాసన చూశారు. చాలాసేపు లేవలేదు. "యేసమ్మా, నాకూ ఓ అంటు తొక్కి ఇస్తావా?" అన్నారు మెల్లగా.

"అయ్యో, ఇవ్వకేమండీ! వచ్చే శ్రమకాలానికి మేకను కూడా తోలుకెళ్దురుగాని" అన్నాను.