డేనియల్ బిగించిన సైరన్లు

ఆళ్లగడ్డలో డేనియల్ అని ఒక ఆటో ఎలక్ట్రీషియన్ ఉన్నాడు. బండి లైట్లు, బ్యాటరీ, హారను, ఏది చెడినా చుట్టుపక్కల ఊళ్లవాళ్లు అతని షాపుకే వస్తారు. పనిమంతుడు, నవ్వుముఖం మనిషి. ఒకనాటి పొద్దున సందీప్ తన పెద్ద తెల్ల కారును ఆ షాపు ముందు ఆపి దిగాడు. నలభై ఎకరాల ఆసామి కొడుకు కాబట్టి, కుర్చీ వేసేదాకా మాట్లాడలేదు.

"డేనియల్, నా బండికి సైరన్ పెట్టాల. అచ్చం ఆంబులెన్సు కూత ఉండాల."

"ఉండే హారనుకే ముసలోళ్లు అదిరిపడతాండారు గదన్నా. మళ్లా సైరన్ ఎందుకు?"

"మొన్న పెండ్లికి పోతాంటే ఎనకాల ఆంబులెన్సు వస్తాందని పక్కకు తీసినా. చూస్తే అది బండిఆత్మకూరు కిరణ్ గాడి తెల్ల కారు, ఎర్ర లైట్లు గూడా పెట్టించినాడు. అద్దం దించి, నవ్వుకుంటా పోయినాడు. పది బండ్ల ముందర నా మర్యాద పాయ. ఇంగ వాడు ఎనకాల ఎంత కూసినా సైడు ఇచ్చేది లేదు."

కిరణ్ బండికి ఆ సైరన్ బిగించింది కూడా డేనియలే. ఆ సంగతి బయటపెట్టకుండా, నవ్వాపుకుంటూ వైర్లు తీశాడు.

అయ్యలారా, అమ్మలారా, మన వైపు సైడు ఇవ్వడమంటే తలవంచడమే అనుకునే పిచ్చి ఒకటుంది. వెనకవాడు ముందుకు పోతే ముందువాడి పరువు పోయిందట. ఇదేం పరువో నాకైతే అర్థం కాదు. ఆంబులెన్సుకో, అగ్నిమాపక బండికో, పోలీసులకో తప్ప మామూలు మనిషి బండికి సైరన్ ఉండకూడదని చట్టం ఉంది. రాగాలు తీసే హారన్లూ, చెవులు చిల్లులు పడే హారన్లూ కూడదని అదే చట్టం చెబుతోంది. డేనియల్‌కు ఈ రూలు తెలియక కాదు. "చెకింగ్ కనపడితే ఈ స్విచ్ ఆపుకో అన్నా" అని ప్రతివాడికీ చెప్పి పంపేవాడు. దొరక్కుండా ఉండే ఉపాయం చెప్పేస్తే తన బాధ్యత తీరిపోయిందనుకున్నాడు ఆ మహానుభావుడు.

వారం తిరగలేదు. డేనియల్ భార్య మంజులకు తొమ్మిదో నెల. పెళ్లయిన ఆరేళ్లకు నిలిచిన కడుపు. ఒక మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ ఉన్నట్టుండి కూలబడిపోయింది. చీరంతా రక్తం. ఊళ్లో డాక్టరు చూసి, కడుపులో మాయ విడిపోతోందని, వెంటనే ఆపరేషన్ చేస్తేగాని బిడ్డ దక్కదని, నంద్యాలకు పంపాడు.

డేనియల్‌ను కూడా ఎక్కించుకుని ఆంబులెన్సు బయలుదేరింది. నర్సు చందన మంజుల పొట్ట మీద చిన్న యంత్రం ఆనించి బిడ్డ గుండె చప్పుడు వింటూ కూర్చుంది. శిరివెళ్ల మెట్ట దాటాక ఒక పక్క రోడ్డు పని జరుగుతోంది. వచ్చే బండ్లూ పోయే బండ్లూ అన్నీ ఒకే దారిలో, దుమ్ములో నడుస్తున్నాయి. అక్కడ ఆంబులెన్సు ముందుకు ఒక తెల్ల కారు వచ్చింది. డ్రైవరు సైరన్ పెంచాడు. కారు పక్కకు జరగలేదు సరికదా, దానిలోంచి కూడా సైరన్ మోగింది.

ముందొక సైరన్, వెనకొక సైరన్. రెంటికీ తేడా లేదు. ఎదురుగా వస్తున్న ట్రాక్టరు వాళ్లు ఏదో పెండ్లి బృందం పోటీ పడుతోందనుకుని నవ్వారు. ఒకడు ఫోనులో వీడియో తీశాడు.

డేనియల్ ముందు అద్దంలోంచి ఆ కారు నంబరు ప్లేటు చూశాడు. సందీప్ బండి. నాలుగు రోజుల కిందట తన చేతులతో బిగించిన సైరన్. ఫోను తీసి సందీప్‌కు చేశాడు. ఎనిమిది సార్లు చేశాడు. ఆ మోతలో సందీప్‌కు తన ఫోను వినిపించలేదు. వెనక అద్దంలో దుమ్ము, ఆ దుమ్ములో తెల్ల బండి, మినుకు మినుకుమంటున్న ఎర్ర లైట్లు. కిరణ్ మళ్లీ వచ్చాడనుకుని అతను దారి మధ్యలోనే, కావాలని నిదానంగా నడిపాడు.

"బిడ్డ గుండె చప్పుడు నిదానమైతాంది. తొందరగా పోనీ అన్నా" అంది చందన.

"యాడ పోనిచ్చేదమ్మా, ఆ కారోడు జరగడం ల్యా" అన్నాడు డ్రైవరు.

మంజుల కళ్లు తెరిచి డేనియల్ చెయ్యి పట్టుకుంది. "ముందర అడ్డం ఉండేది ఎవురయ్యా?"

"ఎవురో" అన్నాడు డేనియల్.

పది నిమిషాల్లో దాటవలసిన దారి అరగంట పట్టింది. రోడ్డు వెడల్పయిన చోట ఆంబులెన్సు పక్కనుంచి దూసుకుపోతుంటే సందీప్ ఓడిపోయినవాడిలా అటు తల తిప్పాడు. కిటికీలో డేనియల్ ముఖం కనిపించింది.

నంద్యాల ఆసుపత్రిలో ఆపరేషన్ అయ్యాక డాక్టరు సుప్రజ బయటికి వచ్చింది. తల్లి బతికిందని చెప్పింది. ఆడబిడ్డ అని చెప్పింది. ఇంకో పావుగంట ముందు తెచ్చి ఉంటే దక్కేదని చెప్పి, అతని భుజం తాకి వెళ్లిపోయింది. డేనియల్ ఆ మాట ఇంకా తలకెక్కక గోడకానుకుని నిలబడ్డాడు. ఆసుపత్రులన్నీ వెతుక్కుంటూ సందీప్ రొప్పుతూ వచ్చాడు. డేనియల్ ఎగిరి అతని కాలరు పట్టుకున్నాడు.

"నువ్వుండావని తెలీదప్పా" అన్నాడు సందీప్ ఏడుస్తూ. "కిరణ్ గాడనుకుంటి. ఈ సైరన్లన్నీ నువ్వే పెడితివి గదా. ఏది నిజమో, ఏది దొంగదో నాకెట్ల తెలుస్తాది?"

డేనియల్ చెయ్యి కాలరు మీదనుంచి జారిపోయింది.

"నేను లేకపోయింటే అడ్డం పడొచ్చునా అన్నా?" అన్నాడు. "ఇంకెవురి బిడ్డో అయితే మన ఇద్దరికీ ఏమీ కాకపోయేదా?"

సందీప్ బెంచీ మీద కూలబడ్డాడు.

సాయంత్రం మంజులకు పూర్తిగా తెలివి వచ్చింది. బిడ్డ సంగతి చెప్పారు. ఆమె ఏడుపు ఆగాక డేనియల్ మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు.

"నీకు అబద్ధం చెప్తిని. ముందర ఉండింది సందీపన్న బండి. ఆ సైరన్ నేనే బిగించినా."

ఎదురుగా ఉన్నది తన మొగుడేనా అన్నట్టు మంజుల అతని వంక చూసింది.

"ఇట్లాంటివి ఎన్ని బిగించినావు?"

"పదకొండు."

"నా దగ్గర కూర్చోబాకు, పో. పదకొండూ పీకేసి రా. సైరన్ ఇనపడితే లోపల ఒక పానం ఉందని జనం పక్కకు జరగాల. నువ్వు దాన్ని దుడ్లున్నోళ్లకు ఆటబొమ్మ చేసినావు, అందుకే ఈ పొద్దు నా బిడ్డకు ఎవురూ దారి ఇయ్యల్యా."