గంగమ్మకు చెప్పిన ఏనుగులు

నాకు కోపం శానా. ముందే చెప్పేస్తాండా, మళ్లా ఇదేమప్పా ఈ పిల్ల ఇట్లా అరస్తాంది అనుకోవద్దండి. మదనపల్లెలో మాదొక చిన్న ఆఫీసు. అడవి జంతువుల్ని పరిశోధించేవాళ్లకి మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్లు నలబైకి పైన ఉండాయి. ఏది దేనికి పనికొస్తాదో వాళ్లకి తెలీదు, దినామూ మాకు ఫోన్లు. వాటన్నిటినీ ఒగ వరసలో పెట్టే పని మా సార్ భానుప్రకాశ్ నాకిచ్చినాడు. ఫోన్లోంచి సమాచారం తెచ్చేవి ఒగ పక్క, దాన్ని శుభ్రం చేసేవి ఒగ పక్క, జంతువు యాడ తిరుగుతాదో అంచనా కట్టి గీసేవి ఇంగో పక్క. మూడు నెలలు కూర్చొని సర్దినా.

సర్దినాక పరీక్ష చెయ్యాల కదా. కుప్పం ఏనుగుల సమాచారం తీసుకున్నా. ఆడ ఎల్లప్ప అని మా మనిషి ఉండాడు. పొద్దున్నే అడుగుజాడలు వెతికి, ఏనుగులు వచ్చిన చోట ఫోన్లో ఒగ బటన్ నొక్కడం ఆయప్ప పని. నొక్కితే ఆ చోటు మ్యాపులో చుక్కగా పడతాది. రెండేండ్లలో రెండు వందల పద్నాలుగు సార్లు నొక్కినాడు. అదంతా నా వరసలో పోసి చూస్తే ఏముందీ? మ్యాపులో ఒగటే చుక్క! ఇంగో సాఫ్ట్‌వేర్లో వేసినా అదే చుక్క. ఓరి నాయనా, రెండేండ్లూ ఏనుగులన్నీ ఒగటే చోట నిలబడినాయంట!

సార్ చూసి నవ్వినాడు. "యాడో కూర్చొని నొక్కేసినాడు లేమ్మా స్వర్ణా. పోయి కండ్లారా చూసి రా. నిజమైతే ఫోన్ చెయ్, ఆయప్పని తీసేద్దాం."

నాకు ఒళ్లు మండింది. నా మూడు నెలల కష్టానికి పరీక్ష ఈ దొంగ చుక్కలతోనా? అయినా ఒగటి మాత్రం మనసులో తొలస్తానే ఉండె. దొంగగా నొక్కేవాడు ఇంట్లో పడుకొని నొక్కొచ్చు కదా. శాటిలైట్ బొమ్మలో చూస్తే ఆ చుక్క అడవి అంచున, ఊరికి మూడు కిలోమీటర్ల దూరాన ఉండాది. అన్నిసార్లు అంత దూరం నడిచి పోయి అబద్ధం చెప్పేదెవురు? అసలు ఆడ ఏముండాది?

తెల్లారే బస్సెక్కినా. కుప్పంలో దిగి ఆటో, ఆటో దిగి నడక. ఎల్లప్పకి యాభై ఏండ్లు దాటుంటాయి. ఆ చుక్క కాడికి ఆయప్పే నన్ను తీసకపోయినాడు. చూస్తే గంగమ్మ గుడి. మోకాలెత్తు గోడలు, పైన రేకు.

"ఏమప్పా, ఏనుగులు గుళ్లోనే కాపురముంటాయా?" అంటి.

"లేదు పాపా, అవి యాడాడో తిరుగుతాయి. చూసినోడు ముందు అమ్మకి చెప్పాల, ఆ తర్వాతే మనుషులకి. మా నాయన కాలం నుంచీ అంతే. ఈడికొచ్చి, అమ్మకి చెప్పుకొని నొక్కుతా."

"చూసిన చోటే నొక్కాలని నీకు చెప్పలేదా?"

"చెప్పినారు. ఆడ నొక్కితే మనుషులకి ముందు చెప్పినట్లు కాదా పాపా?"

నా తలకాయ! "రెండేండ్ల పని నాశనం చేస్తివి కదప్పా. ఆఫీసులో నిన్ను తీసేస్తామంటాండారు" అని మొగం మీదనే చెప్పేసినా. ఆయప్ప గొంతు పెంచలేదు. "ఈ పని లేకపోతే ఫారెస్టోళ్లు నన్ను అడవిలోకి రానియ్యరు పాపా" అని మాత్రం అన్నాడు. బువ్వ తిని పొమ్మన్నాడు. నేను వినిపించుకోకుండా వచ్చేసినా.

తిరుగు బస్సులో కూర్చున్నా కోపం తగ్గలే. కానీ అమ్మకి చెప్పుకుంటా అన్న మాట నన్ను వదల్లే. ఏమని చెప్తాడబ్బా? లాప్‌టాప్ తెరిచి, ఎల్లప్ప ఫోన్ నుంచి మొదట వచ్చిన ఫైలు తీసినా. సర్దేటప్పుడు నేను అన్ని సాఫ్ట్‌వేర్లకీ సరిపోయేటట్ల తేదీ, టైము, చోటు లాంటి నాలుగు గడులు ఉంచుకొని, మిగతాది చెత్త అని కత్తిరించి పారేసి ఉంటి. ఆ చెత్తలో ప్రతి చుక్కకీ ఒగ ఆడియో ఉండాది. యాప్‌లో మాట రికార్డు చేసే బటన్ ఉంటాది, దాన్ని ఎవురూ వాడరనుకున్నా. ఇయర్‌ఫోన్లు పెట్టుకొని మొదటిది నొక్కితి.

"అమ్మా గంగమ్మా, ఈ పొద్దు మూడు వచ్చిండాయి. పెద్దదీ, దాని బిడ్డా, కుంటి మగదీ. వంక కాడ కొత్త బోరు నీళ్లు తాగి, రాగి చేన్లో అడ్డం పడి, నల్లగుండు పక్కన తమిళనాడు దిక్కు ఎక్కినాయి. ఎవురికీ ఏమీ కాలేదు తల్లీ."

ఇంగొకటి విన్నా. ఇంగొకటి. ఏ చేను, ఏ వంక, ఎన్ని ఏనుగులు, ఎటు పోయినాయి, అన్నీ ఉండాయి. నేను సర్దిన నలబై సాఫ్ట్‌వేర్లలో ఏదీ ఇంత చెప్పదు. ఆయప్ప చెప్తానే ఉండాడు, పారేసింది నేను. సిగ్గుతో సచ్చినంత పనైంది. పలమనేరు ఎప్పుడు దాటిందో కూడా తెలీలేదు.

పుంగనూరు బస్టాండులో బస్సు ఆగింది. టింగుమని నా ఫోన్లో కొత్త చుక్క పడింది. ఆ పొద్దుదే, నేను వచ్చేసినాక నొక్కింది.

"అమ్మా, ఈ పొద్దు ఏనుగులు రాలేదు. మదనపల్లె నుంచి ఒగ పాప వచ్చింది. ఎండలో అంత దూరం నడిచింది, నా మింద కోపంతో బువ్వ కూడా తినలేదు. రేపటి నుంచి నేను వస్తానో రానో తల్లీ. ఆ బిడ్డని మాత్రం జాగ్రత్తగా ఇల్లు చేర్చు."

బస్సులో అందరి ముందరా బోరుమని ఏడ్చేసినా. కండ్లు తుడుచుకొని సార్‌కి ఫోన్ కొడితి.

"చెప్పమ్మా స్వర్ణా, తీసేద్దామా?" అన్నాడు.

"తప్పు నాది సార్. ఆయప్ప రెండేండ్లూ సరిగ్గానే చెప్పినాడు, నేనే కత్తిరించి పారేసినా. ఆయప్పని తీసేస్తే నన్నూ తీసెయ్యండి" అంటి.

సార్ జవాబు కోసం ఆగలే. నేను బ్యాగు దించుకొని, కుప్పం పోయే బస్సు యాడ ఆగుతాదని కండక్టర్‌ని అడిగితి.