మైసమ్మ పెట్టిన ప్రస్థానం

ఆదివారం పూట పడమటి దిక్కుకు ప్రయాణమేమిటని మైసమ్మ మూడు రోజులుగా ఇల్లు పీకి పందిరేస్తోంది. కూతురు వసంతకు గువాహటిలో సర్కారు కొలువు వచ్చింది. సోమవారం పొద్దున పదింటికి అక్కడ చేరకపోతే అది ఇంకొకరికి పోతుంది.

"గువాహటి తూర్పుకుంటది గదనే అమ్మా," అంది వసంత.

"విమానం తూర్పుకు పోతది. విమానం కాడికి నువ్వు పోయేది పడమరకే గద! ఆదివారం పడమరకు వారశూల."

కోదాడ పక్కనున్న వాళ్ల ఊరి నుంచి, విమానమెక్కే హైదరాబాదు మరి పడమరే.

హైదరాబాదు నుంచి గువాహటికి ఆకాశమార్గాన పదిహేడు వందల కిలోమీటర్లట. గొర్ల మందతో వేములపల్లి పొలాల్లో ఉన్న తండ్రి యాదయ్య ఫోన్లోనే లెక్క కట్టాడు. "మందను తోలుకపోతే ఏడు నెలలు." విమానానికి మూడు గంటలే అని వసంత చెబితే, "నాతోని పరాచికాలా?" అని ఫోన్ పెట్టేశాడు.

శూలకు విరుగుడు మైసమ్మకు తెలుసు. మంచి ఘడియలో మనిషికి బదులు ఆ మనిషి వస్తువొకటి దారిలో ఎవరింట్లోనైనా ఉంచితే, ప్రయాణం అప్పుడే మొదలైనట్టు. దాన్నే ప్రస్థానం అంటారు. అందరూ తువ్వాలో చీరో పెడతారు. మరిచిపోయే వస్తువు పెడితే ఏం ఫలం అనుకుంది మైసమ్మ. శనివారమే హైదరాబాదు దారిలో ఉన్న సూర్యాపేట పోయి, వసంత సర్టిఫికెట్లు, ఆధార్ కార్డు ఉన్న సంచిని తమ్ముడు సత్తయ్య ఇంట్లో పెట్టి వచ్చింది.

ఆదివారం కొత్త చీర కట్టి తనూ బయల్దేరింది. విమానం లేస్తుంటే కళ్లారా చూడాలని ఆమె ఆశ. పొద్దున ఏడింటికి కిరాయి కారు సత్తయ్య ఇంటి ముందు ఆగింది. తలుపుకు తాళం!

"మా అత్తకు పానం బాగలేదంటే మిర్యాలగూడ దవాఖానకొచ్చినమక్కా," అన్నాడు సత్తయ్య ఫోన్లో. "గంత దూరం పోయెటోళ్లు పొద్దుగూకినంక రైలెక్కుతరనుకున్న. రెండు గంటల్ల వస్త."

విమానం ఒంటిగంటకు. పదకొండుకల్లా అక్కడుండాలి. సూర్యాపేట నుంచి దారే మూడు గంటల పైమాట. వసంత గడప మీద కూలబడి ఏడ్చింది. "నీ శూల పాడుగాను! నా నౌకరి ఖతం చేసినవ్ గదనే!"

మైసమ్మ ఫోన్ పెట్టకుండానే పక్కనున్న బండరాయి ఎత్తింది.

"సత్తీ, నీ తాళం పగలగొడ్తున్న."

"ఓయమ్మో! సరే తియ్. కని నేనొచ్చేదాక ఇల్లిడిసి పోకు."

మూడో దెబ్బకు తాళం ఊడింది. సంచి కూతురి చేతిలో పెట్టి, కారు మలుపు తిరిగే దాకా చూసి, మైసమ్మ ఆ గడప మీదే కూర్చుంది.

సాయంత్రం నాలుగు దాటాక ఫోన్ మోగింది.

"అమ్మా, దిగిన. గువాహటిలనే ఉన్న. నువ్వు ఇల్లు చేరినవా?"

"యాడ చేరుడే! మీ మామ ఇంకా మిర్యాలగూడల్నే ఉన్నడు. ఇప్పుడు బస్సెక్కుతడంట."

"నువ్వు విమానం సూడకపోతివి గదనే," అంది వసంత.

మైసమ్మ కొత్త చీర కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"అది యాడికి పోతది తియ్. రేపు తొమ్మిదింటికే పో బిడ్డా. ఆ సంచి మాత్రం ఎవరింట్ల పెట్టకు."