నత్తగారి గుజ్జు

ఇంక్యుబేటర్ తలుపును మోచేత్తో మూసి, ఫ్లాస్కును రెండు చేతులా పట్టుకుని మైక్రోస్కోపు దగ్గరికి నడిచింది దాదమ్మ. అరచేయంత ప్లాస్టిక్ సీసా, అడుగున నాలుగు చెంచాల గులాబీరంగు నీళ్ళు. తొణికితే కొంప మునిగేదేమీ లేదు గానీ, నిద్రపోతున్న పసిబిడ్డను ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మార్చేవాళ్ళ నడక ఆమెకు ఎప్పుడో పట్టుబడిపోయింది. ఆ నడక చూసి పెట్టిన పేరే దాదమ్మ. అసలు పేరు జీతం ఇచ్చేవాళ్ళకు తెలుసు.

ఆసుపత్రి నేలమాళిగలో కిటికీ లేని గది అది. మోకాలి లోపలి గుజ్జు ఒకచోట చితికి గుంట పడినవాళ్ళకు, పైఅంతస్తులో ఉండే సర్జన్ గారు ఆ మోకాల్లోంచే బియ్యపు గింజంత ముక్క గిల్లి కిందికి పంపుతారు. అందులోని కణాలను విడదీసి, ఇంక్యుబేటర్లో వెచ్చగా ఉంచి, ఆ గులాబీరంగు నీళ్ళే వేళకు తిండిగా పెట్టి వారాల తరబడి పెంచితే ఆ గుంట పూడ్చడానికి సరిపడా అవుతాయి. అప్పుడు మళ్ళీ మోకాలు కోసి అక్కడే నాటుతారు. ఎవరి గుజ్జు వారికే. నాటేది సర్జన్ గారు కనుక మెప్పు ఆయనకు. పెంచేది దాదమ్మ కనుక ఆలస్యమైతే మాట ఆమెకు.

సీసాల మీద నంబర్లే ఉంటాయి. నంబరుతో ఎంతసేపని మాట్లాడతారు? అందుకని పేర్లు పెట్టుకుంది. చూస్తుండగానే చోటంతా ఆక్రమించేది ఆత్రగత్తె. ఎంత కడిగినా అడుగు వదలనిది జిడ్డు. ఇవాళ చేతిలో ఉన్నవాడు నత్త. మిగతావాళ్ళు రెట్టింపయ్యేసరికి వీడు ఇంకా ఒళ్ళు విరుచుకుంటూ ఉండేవాడు.

"ఆంటీ, మీ నత్త రేపటికి అందుకుంటాడా?" అన్నాడు ల్యాబ్ ఇన్‌చార్జి గుమ్మంలో నిలబడే. ఆమె తమ్ముడి కొడుకంత ఉంటాడు. "ఇవాళ నిండకపోతే ఆపరేషన్ లేదన్నారు సర్జన్ గారు. ఇంకా సాగదీస్తే కణాలు సత్తువ తప్పుతాయట. నాటినా గుజ్జు కట్టవు. ఆ మనిషికి ఇక ఈ దారి మూసుకుపోయినట్టే."

"కేకలేస్తే పెరిగేవైతే, మీకంటే ముందు నేనే వేసేదాన్ని బాబూ."

కణాలకు ఆదివారం తెలియదు. పెంచగా పెంచగా ఆమెకూ తెలియకుండా పోయింది. చెల్లెలి పెళ్ళికి పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేసింది. మంచాన పడ్డ అమ్మను చూసుకునే రోజుల్లో ఆమె పెళ్ళి మాట ఎత్తినవాళ్ళు, ఎత్తి ఎత్తి చేతులు నొప్పి పుట్టి దించేశారు. అమ్మ పోయాక ఎత్తేవాళ్ళూ లేరు. రెండు గదుల ఇంట్లో ఒకదాంట్లో ఆమె ఉంటుంది, రెండోదాంట్లో ఇస్త్రీ బట్టలుంటాయి. 'ఒక్కదానివీ, పొద్దెలా పోతుంది?' అని ఎవరైనా అడిగితే, "ఇంక్యుబేటర్ నిండా మనుషులే" అంటుంది. వాళ్ళు రెండోసారి అడగరు.

మైక్రోస్కోపుకు కళ్ళు ఆనించింది. నిన్నటి దాకా మధ్యమధ్య ఖాళీలుండేవి. ఇవాళ, రద్దీ బస్సులో మనుషుల్లా ఒకదాన్నొకటి ఒరుసుకుని, అంచుల దాకా కణాలే.

"గెలిచావురా" అంది పైకే.

ఆ కబురు చెప్పడానికి లేచేలోగా ఇన్‌చార్జే తిరిగి వచ్చాడు. వెనక నలభై దాటని ఒకావిడ, భుజాన సంచీ.

"రేపటి పేషెంటు భార్య, ఆంటీ."

"రేపు రావడం లేదని చెబుదామని వచ్చానండీ" అంది ఆవిడ. "ఫోన్లో చెప్పడానికి నోరు రాలేదు. మొన్న రాత్రి పడుకున్న మనిషి పొద్దున లేవలేదు. గుండె అన్నారు."

ఇన్‌చార్జి తన బూట్ల వైపు చూసుకున్నాడు. సర్జన్ గారికి చెప్పాలంటూ మెల్లగా తప్పుకున్నాడు.

"టైల్స్ పని ఆయనది. మా సంసారమంతా ఆయన మోకాళ్ళ మీదే నడిచింది. ఆసుపత్రిలో నా ముక్క పెరుగుతోందని కనబడ్డవాళ్ళందరికీ చెప్పేవారు. అది ఇంకా ఉందాండీ?"

"ఉందమ్మా."

"బతికే?"

"ఇవాళే నిండాడు మా నత్త" అనేసి, దాదమ్మ నాలుక కరుచుకుంది.

ఆవిడ మూతి ఒక పక్కకు కదిలింది. "పనిలో కాదు లెండి. కరెంటు బిల్లు కట్టి రమ్మంటే మాత్రం నత్తే."

బయటివాళ్ళను లోపలికి రానివ్వకూడదని గోడ మీద రాసి ఉంది. రాసి అంటించింది దాదమ్మే. ఆవిడకు టోపీ, గౌను తొడిగి స్టూలు మీద కూర్చోబెట్టింది. ఆవిడ కళ్ళు బాగా దగ్గరగా ఉన్నాయి. మైక్రోస్కోపు మీది రెండు గొట్టాలనూ, ఆవిడ చూపు కలిసేదాకా దగ్గరికి జరిపింది.

"ఈ మెరిసేవా?"

"అవే."

ఆవిడ కళ్ళు ఇంకా దగ్గరగా ఆనించింది. "ఇంటికి తీసుకెళితే?"

"బతకవమ్మా. వెచ్చగా ఉంచాలి, వేళకు పెట్టాలి, మురికి తీయాలి. ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి."

"ఆయనా అంతేగా" అంది ఆవిడ కళ్ళు తీయకుండానే. "పోనీ, ఇక్కడే ఉంచి మీరు పెడుతూ ఉంటే?"

పెడతాననే మాట దాదమ్మ నోటి దాకా వచ్చింది. ఎవరూ అడక్కుండానే ఇన్నేళ్ళు పెట్టింది. ఒక మనిషి వచ్చి అడిగితే పెట్టలేదా?

"పెట్టగలను. కానీ కొన్నాళ్ళకు అవే ఆగిపోతాయమ్మా. అప్పుడు మీకు నేను మళ్ళీ కబురు చేయాలి."

ఆవిడ కళ్ళు తుడుచుకుని లేచింది. "ఒకసారి చాలు. నేను వెళ్ళాక కానివ్వండి."

గుమ్మం దగ్గర ఆగింది. "ఇన్నాళ్ళూ చూసుకున్నావు అక్కా."

దాదమ్మ జాగ్రత్తగా వెళ్ళమంది.

అడుగుల చప్పుడు మెట్లెక్కి పోయేదాకా ఆగి, ఫ్లాస్కులో బ్లీచు పోసింది. గులాబీరంగు కాస్తా పాలిపోయి, ఉత్త నీళ్ళ రంగుకు వచ్చింది. సీసాను చెత్తడబ్బాలోకి విసిరెయ్యకుండా అందులో మెల్లగా నిలబెట్టి, ఆత్రగత్తెను తీసుకొచ్చింది.

మైక్రోస్కోపులో చూస్తే సగమే కనబడింది. గొట్టాలను తన కళ్ళకు సరిపడా ఎడం చేసుకోబోయి చెయ్యి దించేసింది. ఒక కన్ను మూసుకుని, రెండో కంటితోనే ఆ పూట పని పూర్తి చేసింది. దీపం ఆర్పి తాళం వేసేటప్పటికి, బల్ల మీద ఆ రెండు గొట్టాలూ ఇంకో మనిషి చూపుకు సరిపడేంత దగ్గరగా, అలాగే ఉన్నాయి.