లేత బూడిద రంగు బటన్

మా కంపెనీలో ఉద్యోగం పర్మనెంట్ అవ్వాలంటే ఆర్నెల్లు కోడ్ రాస్తే సరిపోదు. చివరి వారంలో ఒకరోజు కింది అంతస్తులో కూర్చుని కస్టమర్ల ఫోన్లు ఎత్తాలి. ఇంటి సామాన్లు ఆన్‌లైన్లో అమ్మే కంపెనీ మాది, ఆ సైట్లో పేజీలు కట్టే జూనియర్ని నేను. ఫోన్లకీ నాకూ ఏం సంబంధమని సణుక్కుంటూనే మెట్లు దిగాను.

నా పర్మనెంట్ కాగితం ఒకే ఒక్క అంకె మీద ఆధారపడి ఉంది. మా టీమ్ లీడ్‌ని వెనకాల అందరం గ్రాఫుగారు అంటాం. మూణ్ణెల్ల కిందట ఆయన నన్ను పిలిచి, "ఆర్డర్లు క్యాన్సిల్ చేసేవాళ్ళు ఎక్కువైపోయారు. ఆ బటన్ మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది, కాస్త తగ్గించు" అన్నాడు. తగ్గించాను. ఎర్ర బటన్ని పేజీ అడుక్కి తోసి, తెల్లటి పేజీ మీద లేత బూడిద రంగు అక్షరాలు చేశాను. రోజుకి వంద క్యాన్సిళ్ళు కాస్తా నలభై అయ్యాయి. గ్రాఫుగారు మురిసిపోయాడు. మా అమ్మయితే ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, మా పిల్ల పర్మనెంటని పక్కింటావిడకి చెప్పేసింది కూడా.

ఫోన్ గదిలో ఆరు కుర్చీలున్నాయి. పదేళ్ళుగా అక్కడే పనిచేస్తున్నావిడని అందరూ అక్క అంటారు. "మనం ఆర్డర్ క్యాన్సిల్ చెయ్యలేం. వాళ్ళ ఫోన్‌లో వాళ్ళే నొక్కాలి. మనం దారి చెప్పడమే" అంది నాకు హెడ్‌ఫోన్ తగిలిస్తూ. ఏ ఫోన్ ఎందుకొచ్చిందో ఒక పుస్తకంలో గీతలు పెట్టుకోవడం ఆవిడ అలవాటు. ఎవరూ చెప్పలేదట, చూపించమని ఎవరూ అడగనూ లేదట.

ఐదింటికి పది నిమిషాలుందనగా ఒక పెద్దాయన ఫోన్ చేశాడు.

"అమ్మా, ఫ్రిజ్ కొందామని నొక్కాను. ఉలుకూ పలుకూ లేదు. మళ్ళీ నొక్కాను. ఇప్పుడు రెండొస్తున్నాయట. నాది ఒంటి గది. రెండోదాంట్లో నేను పడుకోవాలేమో."

నవ్వొచ్చింది. కానీ ఐదు దాటితే సామాను బండెక్కుతుంది, ఇక ఆగదు. "పేజీ చివరికి వెళ్ళండి. ఇంకా కిందికి. అక్కడ క్యాన్సిల్ అని ఉంటుంది."

"ఇక్కడంతా తెల్లగా ఉందమ్మా."

"ఉందండీ. లేత బూడిద రంగులో."

"కళ్ళజోడు పెట్టుకునే చూస్తున్నానమ్మా."

కుడివైపు చూడమన్నాను. వెలుగు పెంచుకోమన్నాను. పక్కవాళ్ళనెవరినైనా పిలవమంటే ఎవరూ లేరన్నాడు. వేలు ఎక్కడ తగిలిందో సోఫాల పేజీకి పోయాడు. మళ్ళీ మొదటికొచ్చాం. ఆ బటన్ ఎక్కడుందో నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఈ భూమ్మీద లేరు. అయినా చూపించలేకపోయాను.

"ఇది చేసినవాడెవడోగానీ, వాడికి కళ్ళున్నాయా అమ్మా?"

"ఉన్నాయండీ" అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. నేనేనని మాత్రం చెప్పలేదు.

ఐదు దాటింది. "పోన్లే తల్లీ, పాపం నువ్వేం చేస్తావు" అని ఎదురు నన్నే ఓదార్చి పెట్టేశాడు. అక్క ఇంకో గీత గీసింది. 'క్యాన్సిల్ ఎక్కడ' అన్న వరసలో ఆ ఒక్కరోజే యాభై ఎనిమిది గీతలున్నాయి. నాకు లెక్క అర్థమైంది.

మర్నాడు గ్రాఫుగారు నా కాగితం బల్ల మీద పెట్టి, సంతకానికి పెన్ను మూత తీశాడు. నేను అక్క పుస్తకం దాని పక్కన పెట్టాను.

"క్యాన్సిల్ చెయ్యడం మానుకున్నారనుకున్న అరవైమందీ కింద ఫోన్లలో ఉన్నారు సార్. ఆ బటన్ నల్లగా చేసేస్తాను."

ఆయన పుస్తకం చివరిదాకా తిరగేశాడు, అబద్ధమెందుకు. "చేస్తే అంకె మళ్ళీ వందకి పోతుంది. నీ కాగితం ఆ అంకె మీదే కదమ్మా."

"తెలుసండీ."

తెలుసుగానీ, అమ్మ మొహం, దాని వెనకే పక్కింటావిడ మొహం కనిపించాయి.

"సరే, మార్చు. ఫోన్ గది గోల తగ్గుతుందని పైవాళ్ళకి నేను చెప్పుకుంటాను. నీ కాగితానికి మాత్రం వేరే అంకె కావాలి. మూణ్ణెల్లాగు" అని పెన్ను మూత పెట్టేశాడు.

రంగు మార్చడానికి ఒక్క లైను చాలు, రెండు నిమిషాల పని. ఇంట్లో చెప్పడానికి మూడు రోజులు పట్టింది. "ఇప్పుడు పక్కింటావిడకి ఏం చెప్పనే?" అంది అమ్మ. మూణ్ణెల్లని చెప్పమన్నాను.

ఆ వారంలోనే పెద్దాయన ఆర్డర్ తీసి చూశాను. రెండు ఫ్రిజ్‌లూ చేరాయి. వెనక్కి పంపడానికి ఇంకా రెండు రోజులు గడువుంది, ఆయన అడగలేదు. ఎలా అడుగుతాడు? వెనక్కి పంపే బటన్ కూడా ఆ పేజీలోనే అట్టడుగున, లేత బూడిద రంగులో ఉంది. అదీ నేను చేసిందే.

ఈసారి ఎవర్నీ అడగలేదు. నల్లగా చేసి, పేజీ పైకి తెచ్చి, కిందికి దిగి అక్క ఫోన్ నుంచి ఆయనకి కలిపాను.

"ఎవరమ్మా?"

"ఆ పేజీ చేసింది నేనేనండీ" అన్నాను. "ఇప్పుడోసారి చూస్తారా?"